కుక్కపిల్లకు ఒక్క సూది చాలదు

నిన్నటిదాకా ఇల్లంతా గెంతిన రెండు నెలల కుక్కపిల్ల పొద్దున్నే పాలు ముట్టదు. మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి దుర్వాసనతో రక్త విరేచనాలు. పశువైద్యశాలలో సెలైన్ ఎక్కిస్తూ డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న, టీకాలు వేయించారా అని. ‘ఒకటి వేయించామండీ’ అన్న జవాబు తరచూ వినిపిస్తుంది. పార్వో వ్యాధితో పోయే పిల్లల్లో చాలావాటికి అసలు టీకాయే పడదు, మిగతావాటిలో ఎక్కువవాటికి ఆ ఒక్కదానితోనే ఆగిపోతుంది. ఈ రెండూ నివారించదగ్గ మరణాలే. పదహారు వారాల వయసు దాకా సాగాల్సిన టీకాల వరుసను యజమాని ఓపికకు వదిలేసినంత కాలం ఇవి ఆగవు. అమ్మేవారి మీదా, ప్రభుత్వం మీదా ఆ బాధ్యతను గట్టిగా మోపాల్సిందే.

అన్ని మోతాదులు ఎందుకన్న అనుమానం సహజం. పుట్టిన తొలి రోజు తల్లి ముర్రుపాలతో పిల్లకు ప్రతిరక్షకాలు అందుతాయి. అవి పిల్లను కాపాడతాయి, అవే టీకానూ పనిచేయనివ్వవు. పుట్టిన కొద్ది వారాల్లో అవి క్రమంగా తరిగిపోతాయి. ఏ పిల్లలో ఎప్పుడన్నది పైకి తెలియదు. ఒకే ఈతలో పుట్టినవాటికే తేడా ఉంటుంది. టీకాను అడ్డుకునేంత మిగిలి ఉండి, వ్యాధిని ఆపలేనంతగా తగ్గిన రోజులు మధ్యలో కొన్ని వస్తాయి. ప్రమాదమంతా ఆ రోజుల్లోనే. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి వేస్తూ, పదహారు వారాలు నిండాక ఒక మోతాదు తప్పనిసరిగా పడాలని చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ తర్వాత ఆరు నెలల వయసులోనో, ఏడాదికో బూస్టర్ ఉండనే ఉంది. ఎనిమిదో వారంలో ఒక సూది వేయించి కార్డు బీరువాలో పెట్టేస్తే, అది పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

పార్వో పాత జబ్బేమీ కాదు. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా బయటపడింది. ఏ కుక్కకూ దానిపై నిరోధకత లేకపోవడంతో ఖండాలు దాటి ప్రాణాలు తీసింది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలాండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ రెండు మూడేళ్లలోనే టీకా తయారుచేశారు. ఆ టీకా అందుబాటులోకి వచ్చి నాలుగు దశాబ్దాలు దాటినా మన పశువైద్యశాలల్లో అదే చావు కనిపించడం క్షమించరానిది. ఈ వైరస్ పేగుల లోపలి పొరనూ, ఎముక మూలుగనూ దెబ్బతీస్తుంది. తెల్లరక్తకణాలు పడిపోయి, పేగుల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. వైద్యం అందకపోతే బతికేవి బహు తక్కువ. వెంటనే ఆసుపత్రిలో పెట్టి చికిత్స చేయిస్తే ఎక్కువ పిల్లలు కోలుకుంటాయి, కానీ ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. టీకా ఖర్చు వందల్లోనే.

‘మా పిల్ల గడప దాటదు, దానికెందుకు’ అనేవారూ ఉన్నారు. కుక్క గడప దాటకపోయినా మనుషుల చెప్పులు దాటుతాయి. ఈ వైరస్ మట్టిలో, నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. ఒక పిల్ల పార్వోతో చనిపోయిన ఇంటికి, ఆ దుఃఖం మరిచిపోదామని నెల తిరక్కుండా టీకాలు పూర్తికాని మరో పిల్లను తెస్తే దానికీ అదే గతి పట్టే ప్రమాదం ఉంది.

కుక్కపిల్లల టీకాలు అడ్డుకునే మరో వైరస్ వ్యాధి డిస్టెంపర్. దాని కథ అడవి దాకా వెళ్లింది. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో దాదాపు మూడో వంతు సింహాలు ఈ వైరస్‌కు బలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచే అది వాటికి చేరిందని పరిశోధకులు భావించారు. 2018లో గుజరాత్‌లోని గిర్‌లో కొద్ది వారాల్లోనే 20కి పైగా ఆసియా సింహాలు చనిపోయాయి. కొన్నింటిలో డిస్టెంపర్ వైరస్ ఉన్నట్లు తేలాక అమెరికా నుంచి హడావిడిగా టీకాలు తెప్పించారు. మన నల్లమలలో నాగార్జునసాగర్-శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల అంచుల్లో ఉన్న పల్లెల్లోనూ కుక్కలున్నాయి. వాటి పిల్లలకు టీకాలు వేయడం అటవీ శాఖ పని కూడా. ఈ విషయం ఆ శాఖకు ఎవరో గుర్తుచేయాల్సి రావడమే విచారకరం.

రేబిస్ దగ్గరికి వస్తే లెక్క మనుషుల ప్రాణాల్లోకి మారుతుంది. రేబిస్ ఉందని అనుమానించే జంతువుల కాటుకు గురైనవారిలో 40 శాతం పదిహేనేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుక్కపిల్లే కదా అన్న నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్ చూపింది. మురుగుకాల్వలో పడిన కుక్కపిల్లను కాపాడబోయి కాటు తిన్న రాష్ట్రస్థాయి కబడ్డీ ఆటగాడు ఒకరు, అది చిన్న గాయమనుకుని టీకా తీసుకోక 2025లో రేబిస్‌తో కన్నుమూశాడు. ఊళ్లూ పట్టణాలూ కుక్కలకు సంతాన నియంత్రణ చేసేటప్పుడు రేబిస్ టీకా వేస్తున్నాయి. కానీ చిన్న కుక్కపిల్లలను శస్త్రచికిత్సకు పట్టరు, కాబట్టి టీకా కూడా వాటికి అందదు. సామూహిక టీకా కార్యక్రమాల్లో మూడు నెలల్లోపు పిల్లలనూ వదలొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే సూచిస్తోంది. ఏటా వీధి వీధికీ తిరిగి కుక్కలకు టీకాలు వేసిన గోవాను 2021లో రేబిస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. గోవా చేయగలిగింది తెలుగు రాష్ట్రాలు చేయలేకపోవడానికి కారణమే లేదు. పశువులకూ మనుషులకూ రేబిస్ టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

ఇక అమ్మకాల సంగతి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం కుక్కలను పెంచి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. రోడ్డు పక్కన బుట్టల్లోనూ, ఫోన్లలో వచ్చే ప్రకటనల ద్వారానూ నెల వయసు పిల్లలు చేతులు మారుతున్నాయంటే ఆ నిబంధన కాగితం దాటలేదనే అర్థం. తల్లి దగ్గర ఉండాల్సిన వయసులో ప్రయాణం, కొత్త చోటు, కొత్త తిండి కలిసి పిల్లను మరింత బలహీనపరుస్తాయి. నమోదు లేని అమ్మకాలపై నగరపాలక సంస్థలు, పశుసంవర్ధక శాఖ కలిసి తనిఖీలు చేసి, జరిమానాలు వేయాలి. టీకా సీసా మీద ఉండే లేబుల్ అతికించి, తేదీతో పశువైద్యుడు సంతకం చేసిన కార్డు లేనిదే ఏ పిల్లా అమ్ముడుపోకూడదు.

ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల దినాన, పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తున్నారు. మంచిదే. కానీ ఏడాదికి ఒక్క రోజుతో సరిపెట్టడం న్యాయం కాదు. పార్వో, డిస్టెంపర్ టీకాలను యజమానులు ఎక్కువగా బయట కొనుక్కుంటున్నారు. పట్టణంలో స్తోమత ఉన్నవారికి అది కష్టం కాకపోవచ్చు. మంద వెంట కుక్కను తిప్పే గొర్రెల కాపరి మూడు మోతాదుల కోసం ఎక్కడికి పరుగెత్తాలి? మండల పశువైద్యశాలల్లో ఈ టీకాలను నామమాత్రపు ధరకు అందించాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో నిల్వ ఉంచే ఫ్రిజ్‌లు, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు ఉండాలి. ఎండలో ఉండిపోయిన టీకా నీళ్ల సూదితో సమానం. వచ్చే బడ్జెట్లో రెండు రాష్ట్రాలూ దీనికి విడిగా నిధులు చూపాలి.

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకోబోయేవారు ముందు టీకా కార్డు అడగాలి, లేదంటే కొనడం మానుకోవాలి. ఇప్పటికే తెచ్చుకున్నవారు పిల్లకు పదహారు వారాలు నిండే తేదీని ఇవాళే గోడ కేలండర్‌పై రాసుకుని, ఆ రోజు పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి.