వినకుండానే వద్దన్నాను

వార్షికోత్సవాలు దగ్గరపడితే కాలేజీలో తెలుగు లెక్చరరుకు పాఠం చెప్పడం ఒక్కటే పని కాదు. నాటకానికి గడ్డాలూ మీసాలూ సమకూర్చడం మొదలు, ఏ పాట పాడవచ్చు, ఏది పాడకూడదు అని తీర్పు చెప్పడం వరకు అన్నీ మా నెత్తినే పడతాయి. పోయిన ఏడాది నేను అల్లాంటి తీర్పు ఒకటి చెప్పాను. అది తప్పుడు తీర్పు. ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకుంటే గాని మనసు కుదుటపడేటట్టు లేదు.

బి.ఏ. ఆఖరు సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె స్టాఫ్ రూముకు వచ్చి, "నేనూ నా స్నేహితురాళ్ళూ కలిసి ఒక ఇంగ్లీషు పాట పాడతాం మేడమ్. నేను ఫ్లూటు కూడా వాయిస్తాను" అన్నది. ఎవరి పాట అని అడిగాను. 'బ్లడ్ సెరిమనీ' వాళ్ళది అన్నది. నెత్తుటి తంతు! వినగానే ఒళ్ళు జలదరించింది. కెనడాలో టొరంటో నగరంలో 2006లో పుట్టిన హెవీ రాక్ బృందమట. అంటే గిటార్లు పిడుగుల్లాగా మోగే సంగీతమన్నమాట. ముందు నిలబడి పాడేది ఆలియా ఓబ్రయన్ అనే ఆవిడ. మంత్రగత్తెలు, అర్ధరాత్రి పూజలు, జనం మరిచిపోయిన పాత దేవతలు - ఇవీ వాళ్ళ పాటలకు వస్తువులు.

పక్కనే ఉన్న మా సహాధ్యాపకుడు, "ఇంకేం, మన కాలేజీకి చేతబడి పాటలు కూడా వచ్చేశాయి" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "వద్దమ్మా, తల్లిదండ్రులు వస్తారు. ఇంకేదైనా మంచి పాట చూసుకో" అన్నాను. ఆ పిల్ల వాదించలేదు. "ఒక్కసారి వినండి మేడమ్" అని మాత్రం అని వెళ్ళిపోయింది.

వార్షికోత్సవం అయింది. ఆ అమ్మాయి ఏదో సినిమా పాట పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఫ్లూటు మాత్రం తీసుకురాలేదు.

వేసవి సెలవుల్లో ఒకనాటి మధ్యాహ్నం, నిద్ర పట్టక, ఆ పాటలు పెట్టుకుని విన్నాను. 2023 మే నెలలో వచ్చిన వాళ్ళ ఆల్బం అది. పేరు 'ది ఓల్డ్ వేస్ రిమైన్'. పాత దారులు చెరిగిపోలేదు అని మనం చెప్పుకోవచ్చు. దానికి ముందు ఆల్బం వచ్చింది 2016లో. ఏడేళ్ళు ఊరుకుని మళ్ళీ నోరు విప్పారన్నమాట. గిటార్ల మోత ఉన్నమాట నిజమే. కాని ఆ మోత మధ్య నుంచి వేణువు లేస్తుంది చూడండి! పాడే ఆవిడే వాయిస్తుంది, ఆర్గన్ కూడా ఆవిడదే. మనకు వేణువంటే కృష్ణుడు, బృందావనం, వెన్నెల. అదే వేణువు వానాకాలపు రాత్రి ఒంటరి దారిలో వినిపిస్తే ఎల్లా ఉంటుందో అల్లా ఉన్నది. భయం వేసింది. కాశీమజిలీ కథలు చదువుతూ చిన్నప్పుడు దుప్పటి ముసుగు పెట్టుకున్నప్పటి భయమే అది. ఆ భయంలో ఎంత సుఖం ఉండేదో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.

తీగ లాగితే డొంక కదిలినట్టు, ఈ పాటలకు మూలం ఎక్కడా అని వెతుకుతూ వెనక్కి వెళ్ళాను. అమెరికాలో ఇండియానాపోలిస్ నగరపు బృందం ఒకటి తగిలింది. పేరు 'కవెన్', అంటే మంత్రగత్తెల కూటమి. పాడింది ఇరవై ఏళ్ళయినా నిండని జింక్స్ డాసన్. 1969లో మెర్క్యురీ కంపెనీ వాళ్ళ మొదటి ఆల్బం వేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి గనుక చెబుతున్నాను: దాని చివర పదమూడు నిమిషాలసేపు సైతాను పూజ తంతు నడుస్తుంది. అట్ట లోపలి బొమ్మ కూడా మా కాలేజీ గోడకు అంటించదగినదేమీ కాదు.

అయితే ఆ ఏడాదే ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో మాన్సన్ ముఠా హత్యలు జరిగాయి. దేశమంతా బెదిరిపోయింది. 1970 మార్చిలో ఎస్క్వయిర్ పత్రిక కాలిఫోర్నియాలో చెడు పొంచి ఉన్నదంటూ ఒక సంచిక వేసి, అందులో ఈ ఆల్బం పేరు కూడా ఎత్తింది. హత్యలకూ ఆ పిల్ల పాటలకూ ఏ సంబంధమూ లేదు. అయినా కంపెనీ ఆ రికార్డులను బజారు నుంచి వెనక్కి తీసేసుకున్నది.

విచిత్రమేమిటంటే, అందులో మొదటి పాట పేరు 'బ్లాక్ సబాత్'. 1970 ఫిబ్రవరిలో ఇంగ్లండు నుంచి అదే పేరుగల మగవాళ్ళ బృందం మొదటి ఆల్బం వచ్చింది. వాళ్ళు ఆ పేరు ఒక సినిమా చూసి పెట్టుకున్నారు. ఎవరి దగ్గరా దొంగిలించలేదు. వాళ్ళనూ తిట్టినవాళ్ళు లేకపోలేదు. కాని వాళ్ళ రికార్డు దుకాణాల్లో నిలిచింది, వాళ్ళు జగత్ప్రసిద్ధులయ్యారు. ఈ అమ్మాయి రికార్డు మాత్రం అటకెక్కింది.

మరి ఆ గొంతు ఏమయింది? 1971లో 'బిల్లీ జాక్' అనే సినిమాలో ఒక పాట పాడింది. కొండ మీది జనం దగ్గర నిధి ఉన్నదని లోయలోని జనం వాళ్ళను చంపేస్తారు; తీరా రాయి ఎత్తి చూస్తే దాని కింద శాంతి అన్న మాట తప్ప మరేమీ ఉండదు. అదీ ఆ పాట కథ. దేశమంతా విన్నది. పాట మీద తన పేరు వద్దని, బృందం పేరే వేయించింది డాసన్. మంత్రగత్తె గొంతని బెదిరిపోయినది, శాంతి పాట పాడినది, ఒక్క గొంతే!

మన సంగతి చూడండి. 1951లో 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావుగారు నేపాళ మాంత్రికుడు వేషం కడితే జనం విరగబడి చూశారు. ఆ గడ్డాన్నీ ఆ గొంతునూ మా తాతగారు అభినయించి చూపిస్తుంటే మేం పకపక నవ్వేవాళ్ళం. అది వేషమని అందరికీ తెలుసు. ఆయన ఇంటి మీద ఎవరూ రాళ్ళు వేయలేదు. ఆడదాని దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి ఎక్కడికి పోతుందో! అమెరికాలోనే సేలం అనే ఊళ్ళో 1692లో మంత్రవిద్య నేరం మోపి పంతొమ్మిది మందిని ఉరి తీశారు. అందులో పద్నాలుగురు ఆడవాళ్ళు. మన పల్లెల్లో బాణామతి, చేతబడి అనే అనుమానంతో దిక్కులేని ముసలమ్మలను కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. వాళ్ళెవరూ వేషం కట్టలేదు, పాట పాడలేదు. ఆ మాట ఇతరులు అంటగట్టినది.

స్టాఫ్ రూములో "చేతబడి" అని నవ్వినప్పుడు మేమిద్దరం చేసినది అంత ఘోరమని అనను. కాని, విచారించకుండానే ఒక ఆడపిల్లకు ఆ మాట తగిలించడం మాత్రం అదే జాతి పని.

ఈ సంగీత సభల్లో చూపుడువేలూ చిటికెనవేలూ ఎత్తి చూపుతారు. సైతాను కొమ్ములని మనం అనుకుంటాం. 1969 నాటి ఆ కవెన్ అట్ట మీదా ఆ గుర్తు ఉన్నది. తరవాత దాన్ని లోకమంతటా వ్యాపింపజేసిన రానీ జేమ్స్ డియో అనే గాయకుడు, అది తన ఇటాలియన్ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవాడు. ఎందుకో తెలుసా? దిష్టి తగలకుండా! ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసే మన అమ్మమ్మకు ఆవిడ చుట్టమే కాబోలు.

డాసన్ పాడడం మానలేదు. 2013లో ఆల్బం వేసింది; 2017లో నెదర్లాండ్సులో రోడ్‌బర్న్ ఉత్సవంలో వేదిక ఎక్కింది. అట్ట వెనక్కి తీసుకున్నారు గాని గొంతును తీసుకోలేకపోయారు.

జూన్‌లో ఆ అమ్మాయి టి.సి. కోసం కాలేజీకి వచ్చింది.

"నీ పాట విన్నానమ్మా" అన్నాను.

"ఎల్లా ఉంది మేడమ్?"

"వేణువు బాగుంది. గిటార్ల మోత నాకు కాస్త ఎక్కువే. ముందే వినవలసింది."

కాసేపు ఊరుకున్నది. "వచ్చే ఏడాది జూనియర్లు ఇల్లాంటిదే అడిగితే పాడనిస్తారా?" అన్నది.

"చెప్పలేను. వద్దంటే మాత్రం విని వద్దంటాను" అన్నాను.

నవ్వి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఫ్లూటు ఎల్లా వాయిస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.