అంటురోగము వచ్చిన నాడు కార్డు అక్కరకు రావలెను

కరోనా వచ్చి వెళ్ళి ఏండ్లు గడచినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న దానిని మహమ్మారిగా పేర్కొని, 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. మగ్గములు మరల ఆడుచున్నవి. అయినను ఆ కాలమున ప్రభుత్వ ఆరోగ్య భీమా పథకములు మన నేత కుటుంబములను ఎంతవరకు ఆదుకొన్నవి, ఎక్కడ చేయి విడిచినవి అను లెక్క మనము ఇంకను తీయలేదు. నూలు లెక్క, కూలి లెక్క నెలనెలా తీసెడి మనము ఈ లెక్కను వదలుట తగదు.

చేసిన మేలు మొదట చెప్పవలెను. కుటుంబమునకు ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యమిచ్చు ఆయుష్మాన్ భారత్ పథకము 2018 సెప్టెంబరులో మొదలైనది. 2020 ఏప్రిల్‌లో కరోనా పరీక్షను, చికిత్సను అందులో ఉచితముగా చేర్చిరి. మేమున్న మహారాష్ట్రలో ఆ మే నెలలో మహాత్మా జ్యోతిబా ఫూలే జన ఆరోగ్య యోజనను రేషను కార్డు రంగుతో నిమిత్తము లేకుండ రాష్ట్రవాసులందరికి వర్తింపజేసిరి. కర్ణాటకలో ప్రభుత్వము పంపిన రోగులకై ప్రైవేటు ఆసుపత్రులలో సగము పడకలు కేటాయించి, దినమునకు సాధారణ వార్డుకు 5,200, వెంటిలేటరు గల ఐ.సి.యు.కు 10,000 రూపాయలుగా 2020 జూన్‌లో ధర కట్టిరి. ఒడిశాలో భువనేశ్వరపు ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులతో ఒప్పందము చేసికొని ఉచిత చికిత్స చేయించిరి. తమిళనాడులో 2021 మేలో ముఖ్యమంత్రి భీమా పథకమువారికి ప్రైవేటు ఆసుపత్రులలోని కరోనా ఖర్చును ప్రభుత్వమే భరించునని ఉత్తరువు ఇచ్చిరి. ఇది చిన్న సహాయము కాదు.

ఇక లోపముల సంగతి. మహారాష్ట్ర పథకమున కరోనాకు వర్తింపజేసిన ప్యాకేజీలు ప్రధానముగా వెంటిలేటరు అవసరమైన తీవ్ర రోగులకు సంబంధించినవి. ప్రాణవాయువు మాత్రము పెట్టించుకొని పది దినములు పడుకొన్నవాడు మధ్యలో చిక్కుకొనెను. ఇంట నుండి మందులు వాడినవాని ఖర్చును, స్కానింగుకు ఇచ్చిన డబ్బును, మగ్గము నిలిచిన నెలల కూలిని ఏ కార్డును ఇయ్యలేదు.

మా సంఘ సభ్యులొకరి సంగతి చెప్పెదము. 2021 ఏప్రిల్‌లో ఊపిరి ఆడక ఆయనను ఒక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. మన అలవాటు చొప్పున రేషను కార్డులో ఇంటిపేరు ముందున్నది. ఇచ్చటి పద్ధతి చొప్పున ఆధారులో చివరనున్నది. పేరు కలియలేదని చెప్పి ఆసుపత్రివారు అడ్వాన్సు అడిగిరి. ఆ రాత్రి కాగితములు సరిచేయు నాథుడు లేడు. ఆయన భార్య చెవికమ్మలు కుదువబెట్టి సొమ్ము కట్టినది. ఆయన బ్రదికి వచ్చిరి. కమ్మలు మాత్రము ఇంకను రాలేదు. తప్పు ఆసుపత్రివారిదే అని ఊరుకొనజాలము. ఏటేటా వారి సంతకము తీసికొను మేము ఒక్కసారియైన ఆ రెండు కార్డులను ప్రక్కప్రక్కన పెట్టి చూడలేదు.

మరియొక మాట. 2005–06లో చేనేతవారికని ప్రత్యేక ఆరోగ్య భీమా పథకము వచ్చినది. కుటుంబమునకు ఏటా 15,000 రూపాయలు. అందులో 7,500 వరకు ఆసుపత్రిలో చేరకయే చూపించుకొను వైద్యమునకు వీలుండెను. గుంట మగ్గమున కూర్చున్నవానికి నిత్యము వచ్చెడి దగ్గు, మోకాళ్ళ నొప్పి, కండ్ల మసకలకు ఆ చిన్న మొత్తమే ఆధారము. నేటి పథకములలో మొత్తము 5 లక్షలకు పెరిగినది గాని ఆ సౌకర్యము పోయినది. 2020 జూలైలో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేయుటతో మన మొర వినిపించు చోటొకటి తగ్గినది.

భీమా ఎందుకు, సర్కారు ఆసుపత్రులను బాగుచేసిన చాలునని కొందరందురు. ఆ మాటలో నిజమున్నది. పడక లేని ఊర కార్డు ఉత్త కాగితమే. కాని సర్కారు ఆసుపత్రి నిండిన నాడు పేదవానికి ప్రైవేటు తలుపు తెరచునది ఆ కార్డే. రెండును కావలెను.

కావున ప్రభుత్వములను మనము మూడు కోరవలెను. 1897 నాటి అంటురోగముల చట్టమును ప్రయోగించిన దినముననే, ఆ రాష్ట్రమున నివసించు వారందరికి భీమా దానంతట అదే వర్తించునట్లు ముందే నియమముండవలెను; ఉత్తరువులకై వేచిన వారములలో ప్రాణములు పోవును. ప్రాణవాయువు పడకకును ప్యాకేజీ ఉండవలెను. చేనేతవారికి బయటి వైద్యపు సౌకర్యమును మరల ఇయ్యవలెను.

మన వంతు పనియు ఉన్నది. ప్రతి సంఘము కార్డుల రిజిష్టరు ఒకటి పెట్టి, ఇంటింటి పేర్లు, పుట్టిన తేదీలు సరిచూచి, తప్పులను తీరిక కాలముననే దిద్దించవలెను. ఆ రాష్ట్రపు భాష చదువుకొన్న మన పిల్లలు దరఖాస్తులు వ్రాసిపెట్టవలెను. 70 ఏండ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుండి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఆయుష్మాన్ కార్డు ఇచ్చుచున్నారు. మన తాతలకు, అవ్వలకు వెంటనే తీయించుడు. ఆ కార్డు ఇతర రాష్ట్రములలో జాబితాకెక్కిన ఆసుపత్రులలోను చెల్లును. ఒడిశా 2025 ఏప్రిల్‌లో ఆ పథకమున చేరినది గనుక బరంపురమువారు, కాకినాడకు పోయెడి యానామువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

మా సంఘమున రిజిష్టరు ప్రారంభించితిమి. మొదటి పుటలలోనే పేర్లు కలియని కుటుంబములు ఎన్నో కనబడినవి. తక్కిన సంఘములవారును చూచి, తమ ఊళ్ళలోని సంగతులను ఈ పత్రికకు వ్రాయగోరుచున్నాము.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి, షోలాపూరు