పలుకరింపులు

ఉదయమున నేను తరగతిలో నడుగు పెట్టినంతనే బాలబాలిక లందఱును లేచి యొక్క గొంతుతో "గుడ్ మార్నింగ్ సార్" అందురు. మధ్యాహ్నము దాటినను కొందఱు ఆ మాటయే యందురు. అది వేఱు సంగతి. ఆ బాలురలో నొకడు మొన్న సెలవునాడు మూడు గంటల వేళ బండి ఆత్మకూరు బజారులో నా కెదురుపడి "తింటిరా సార్?" అని యడిగి, వెంటనే నాలుక కఱచుకొనెను. మోటుగా మాటాడితినని వాని భయము.

వాడేల సిగ్గుపడవలయును? "తింటిరా" యనునది ప్రశ్న. అడిగినవాడు జవాబునకై నిలువవలయును. 1876-78 నాటి కఱవు చూచిన కర్నూలు సీమలో నీ ప్రశ్న ఊరక నిలిచియుండదని నా యూహ. కొందఱు గుడ్ మార్నింగును మాన్పదలచి "శుభోదయము" అనుచున్నారు. వేషము సంస్కృతము, ఒడలు ఇంగ్లీషు! మన పల్లెల పెద్దలు ప్రొద్దును బట్టి పలుకరించినవారు కారు.

బ్రిటను దీవికి పడమట వేల్సు దేశము కలదు. 19వ శతాబ్దమున అచ్చటి కొన్ని బడులలో స్వభాషయగు వెల్షు పలికిన బాలుని మెడకు కొయ్యముక్క తగిలించెడివారు. మఱియొకడు పలికినచో అది వాని మెడకు మాఱును. బడి విడుచు వేళకు ఎవని మెడలో నుండిన వానికి దెబ్బలు. ఆ దేశముననే 2013 మొదలు ఏటేట అక్టోబరు 15వ తేదీని, ఎవరితో మాట మొదలిడినను "షుమయ్" అని వెల్షులో పలుకరింపుడని ప్రోత్సహించుచున్నారు. "ఎట్లున్నది?" అని దాని యర్థము. మన "బాగుండావా?"కు తోబుట్టువు గదా! 2021 లెక్కలలో అచ్చట వెల్షు వచ్చినవారు సుమారు 5,38,000 మందియే. మన నంద్యాల జిల్లా జనములో మూడవవంతైనను లేరు.

అయితే పాత పలుకరింపు లన్నియు నిలుపుడని నే ననను. మా తాత తలగుడ్డ తీసి చంకనిడి "దండం దొరా" అనెడివాడు. అవతలివారు తల యూపుటయు నరుదు. ఒక వైపునకే నడచు ఆ మాట పోవుటయే మేలు. దేవాలయమున నేర్చిన "వందనములు" అట్టిది కాదు. పెద్ద పలికినను పిన్న పలికినను అదే మాట తిరిగి వచ్చును. మా అవ్వ దానిని ఎంత గట్టిగా పలికెడిదో వీథి వారికందఱికిని తెలియును.

"నేను తింటిని. నీవు తింటివా?" అని యా బాలు నడిగితిని. "ఇంకా లేదు సార్" అనెను. ఇరువురమును టిఫిను కొట్టునకు పోయితిమి. సోమవారమునుండి నా తరగతిలో గుడ్ మార్నింగు వెనుక ఆ ప్రశ్నయు నడుగుచున్నాను. జవాబులు వినుటకు అయిదు నిమిషములు పట్టుచున్నది.