మూడు గంటలు దాటొద్దన్నారు, ఆగమనలేదు



మీ పత్రిక ఆదివారం సంచికలో పసిపిల్లల పెంపకం మీద వేసిన సలహాల్లో ఒక వాక్యం చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. 'తల్లిపాలు తాగే పసికందుకు మూడు గంటలకోసారి పాలివ్వాలి' అని అందులో ఉంది. ఆ ఒక్క మాటే ఈ ఏడాది మా ఇంట్లో నా మనవరాలిని రెండు వారాలు అర్ధాకలితో ఉంచింది. వేల్పూర్ మండలంలో అంగన్‌వాడీ టీచరుగా ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనదాన్ని. నా ఇంట్లోనే ఇట్లా జరిగిందంటే ఆ మాట జనంలో ఎంతగా నాటుకుపోయిందో ఆలోచించండి.

మా బిడ్డ తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. ఆపరేషన్ అయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఎవరో 'మూడు గంటలకోసారి పట్టించు' అన్నారు. దుబాయిలో ఉన్న అల్లుడు ఫోన్‌లో అలారం యాప్ ఒకటి పంపాడు. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు. కన్నకూతురిని ఇంకా ఎత్తుకోని తండ్రి, అక్కడి నుంచి ఆయన చేయగలిగింది అదే. ఆయన్ని తప్పుపట్టను.

పదో రోజు మధ్యాహ్నం నా కళ్లముందు జరిగింది చెబుతాను. తొట్టెలలో పాప కళ్లు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతోంది. పిడికిలి నోటికాడికి తెచ్చుకుని చప్పరిస్తోంది. చెంపకు గుడ్డ అంచు తగిలితే అటే నోరు తెరిచి వెతుక్కుంటోంది. 'ఆకలైతుంది బిడ్డా, తియ్యి' అన్నాను. 'ఇంకా నలభై నిమిషాలున్నది అమ్మా. తాగినయి అరగకముందే ఇస్తే కక్కుతదన్నరు' అంది. నేనే భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పాను. గుక్కపట్టి ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి సోలిపోయింది. అలారం మోగేసరికి గాఢనిద్ర. లేపి రొమ్ముకు పెడితే నాలుగు గుక్కలు మింగి మళ్లీ కళ్లు మూసింది. చూడవచ్చినవాళ్లు మాత్రం 'ఎంత బుద్ధిమంతురాలు, ఇంట్ల పసిపిల్ల ఉన్నట్టే లేదు' అని మెచ్చుకున్నారు. అది బుద్ధి కాదు, నీరసం. ఇన్నేళ్లు తల్లులకు చెప్పినదాన్ని, ఆ రోజు గట్టిగా అనలేకపోయాను.

పాప పుట్టిన బరువు 2.9 కిలోలు. ఏడో రోజు ఆశా కార్యకర్త జోలె కాటాకు వేలాడదీసి తూస్తే 2.7. మొదటి వారం పిల్లలు కొంచెం తగ్గుతారు, అది మామూలే. పద్నాలుగో రోజు మళ్లీ తూస్తే అదే 2.7. రెండు వారాలకల్లా పుట్టిన బరువు తిరిగి రావాలి. 'రోజుకెన్ని బట్టలు తడుపుతున్నది?' అని ఆశా కార్యకర్త అడిగింది. మూడు, నాలుగు. అయిదో రోజు దాటినాక కనీసం ఆరు తడపాలి. అప్పటికి గానీ మా ఇంట్లో అలారం ఆగలేదు.

ఇంతకీ ఈ మూడు గంటల మాటలో అబద్ధం లేదు, అదే చిక్కు. మొదటి వారాల్లో పిల్లలు మత్తుగా పడుకుంటారు. పుట్టిన బరువు తిరిగి వచ్చేదాకా పగలైనా రాత్రైనా మూడు గంటలకు మించి పస్తుంచొద్దు, లేపైనా పట్టించాలని డాక్టర్లు చెబుతారు. అది దాటకూడని గీత. నోటి నుంచి నోటికి పోయేసరికి 'మూడు గంటలయ్యేదాకా ఇవ్వకూడదు' అని తలకిందులైంది. మీ వాక్యాన్ని కూడా మా ఊళ్లో ఆ రెండో తీరుగానే చదువుతారు.

గడియారం చూసి పాలివ్వడం మన అవ్వల పద్ధతి కానే కాదు. న్యూజిలాండ్‌లో 1907లో ప్లంకెట్ సొసైటీ మొదలుపెట్టిన డాక్టర్ ట్రూబీ కింగ్ నాలుగు గంటలకోసారే ఇవ్వాలని, రాత్రి అసలే వద్దని బోధించాడు. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో ఆ పద్ధతి ఏళ్ల తరబడి రాజ్యమేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చెప్పేది పిల్ల ఎప్పుడడిగితే అప్పుడు, రాత్రింబవళ్లు ఇవ్వాలనే. అడగడమంటే ఏడవడం కాదు. నోరు వెతుక్కోవడం, పిడికిలి చప్పరించడం, అవే అడగడం. ఏడుపు దాకా వచ్చిందంటే మనం ఆలస్యం చేసినట్టే. ఏడ్చే పిల్లకు రొమ్ము సరిగ్గా పట్టడం కూడా కష్టం.

తల్లిపాలు గంటన్నర, రెండు గంటల్లో అరిగిపోతాయి. పుట్టిన మొదటి రోజు పసికందు ఒక్కసారికి తాగేది చెంచాడు ముర్రుపాలు. అందుకే మొదటి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు తాగడం మామూలు. ఆస్ట్రేలియాలో 71 జతల తల్లీబిడ్డలను గమనించి, పాలకు ముందూ తర్వాతా పిల్లలను తూచి 2006లో లెక్క ప్రచురించారు. ఆరు నెలల్లోపు, తల్లిపాలు తప్ప ఇంకేమీ ఎరగని పిల్లలు వాళ్లు. రోజుకు ఆరుసార్లు తాగిన పిల్ల ఉంది, పద్దెనిమిదిసార్లు తాగిన పిల్లా ఉంది. సగటున పదకొండు. అందరూ బాగానే పెరుగుతున్నవాళ్లే. ఇంతమందిని ఒక్క అంకెకు ఎట్లా కట్టేస్తాం? అదే పిల్ల పొద్దున రెండు గంటలు ఆగి, దీపాలు పెట్టే వేళ అరగంటకోసారి అడగవచ్చు.

ఆగబెట్టడం వల్ల పిల్లకే కాదు, పాలకూ నష్టం. వాగులో చెలిమె తీసినవాళ్లకు తెలుసు, తోడినకొద్దీ నీళ్లూరుతాయి. రొమ్ము కూడా అంతే. ఖాళీ అయితే తొందరగా ఊరుతుంది, నిండి గట్టిపడితే ఊట తగ్గుతుంది. రాత్రి పాలిచ్చేటప్పుడు పాలు పడే హార్మోను ఇంకా ఎక్కువ. మనం గడియారం పెట్టి వారం రోజులు ఊట తగ్గించుకుని, తర్వాత 'పాలు సాల్తలేవు' అని డబ్బా తెస్తాం. డబ్బా పాల ప్రకటనలను 1992లోనే చట్టం చేసి నిషేధించారు. కానీ ఇంట్లో మనమే సృష్టించుకున్న కొరతకు ఏ చట్టం అడ్డుపడుతుంది?

అసలు మాట ఇంకొకటి ఉంది. మూడు గంటల మాట మా దిక్కు అంత తొందరగా ఎందుకు చెల్లింది? పదకొండుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలు వేసుకున్నా రోజుకు మూడున్నర గంటల పైమాటే. ఇంట్లో బీడీలు చుడుతూ చాట ముందు కూర్చున్న బాలింతకు అంత పొద్దు ఎవరిస్తారు? వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. లేచినప్పుడల్లా తంబాకు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లను ఎత్తుకోవాలి, మళ్లీ వచ్చి తునికాకు తడుపుకోవాలి. కంపెనీలో ఉద్యోగం చేసే తల్లికి పిల్లకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఇంటి అరుగు మీద చాట పట్టిన తల్లికి ఆ రెండు కూడా లేవు. పసుపు తవ్వి ఉడకబెట్టే రోజులైతే చెప్పనే అక్కర్లేదు. తల్లిని పనిలోంచి లేపకుండా ఉండటానికి గడియారం అందరికీ పనికొచ్చింది. నష్టపోయింది మాట రాని పిల్ల.

ఈ మండలం ఒకప్పుడు పిల్లల కోసం ఒక్కమాట మీద నిలబడింది. 2001 అక్టోబర్ 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించుకున్నాం. పనిలో ఉన్న పిల్లల కోసం ఊరూరా ఇల్లిల్లూ తిరిగిన రోజులవి. బాలింత చేతిలోని చాట ఆరు నెలలు ఇంకొకరు పట్టుకోవడం అంతకన్నా కష్టమా? అత్తగారు పట్టవచ్చు, ఆడబిడ్డ పట్టవచ్చు. ఇంట్లో ఉన్న మగవాళ్లు వంటింట్లోకి వచ్చి ఒక పొయ్యి వెలిగించవచ్చు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎన్నిసార్లు తాగినా బట్టలు తడపని పిల్లను, బరువు పెరగని పిల్లను, ఎంత లేపినా లేవని పిల్లను, ఒళ్లు పసుపెక్కుతున్న పిల్లను ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టిన పిల్లల లెక్క వేరు, వాళ్లకు డాక్టరు చెప్పినట్టే. ఇక మే నెల ఎండలకు నాలుక తడపాలని నీళ్లు పోయొద్దు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే, ఆరు నెలలదాకా అవి చాలు.

మా పాపను నలభై రెండో రోజు తూచినప్పుడు 3.6 కిలోలు. మొన్న వీడియో కాల్‌లో అల్లుడు 'ఇయ్యాల ఎన్నిసార్లు తాగింది?' అని అడిగితే మా బిడ్డ 'లెక్క పెట్టలే' అంది.

మీ పత్రికను మా ఊళ్లో ఒకరు చదివితే పది ఇళ్లు వింటాయి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో ఆ వాక్యాన్ని సరిదిద్దాలని వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచర్,
వేల్పూర్, నిజామాబాద్ జిల్లా