మొదటి బహుమతి వచ్చిన పాపకు చదవడం రాదు

ఈ మేలోనూ బెంగళూరులోని మన తెలుగు సంఘాల్లో వీబీఎస్ జరుగుతుంది. పది రోజులు యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, ఆఖర్న బహుమతులు, భోజనం. మంచిదే. పోయినేడు మా సంఘంలో నాలుగో తరగతి పాప ఇరవై వాక్యాలు గడగడా ఒప్పజెప్పి మొదటి బహుమతి తీసుకుంది. తెలుగు బైబిలు ఇస్తే చదవలేకపోయింది. బడిలో కన్నడమే కదా అని కన్నడ బైబిలిచ్చాను. అదీ అంతే. వాళ్లమ్మ పౌరకార్మికురాలు, తెల్లారకముందే చీపురు పట్టుకుని వెళ్లాలి. ఇంట్లో చదివించేదెవరు? బహుమతి ఇచ్చింది నేనే. సిగ్గేసింది.

అది బడి పని, సంఘం పని కాదంటారు పెద్దలు. మరి 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు పెట్టిందెందుకు? వారమంతా పనిలో మగ్గే పేద పిల్లలకు ఆదివారం చదవడం నేర్పడానికే. పుస్తకం బైబిలే.

మనమేమో వీబీఎస్ కాగానే గుడికి తాళం వేసేస్తాం. సెలవులింకా బోలెడుంటాయి, ఉన్న అక్షరాలు కూడా ఆ ఎండలో ఆవిరైపోతాయి.

డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రోజుకో గంట ఇవ్వండి. పిల్లల్ని తరగతిని బట్టి కాదు, వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టండి. ప్రథమ్ సంస్థ ఏళ్లుగా చేస్తున్నదిదే. ముందు కన్నడం, తర్వాత తెలుగు. లెక్కలకు కానుకల సంచిలో చిల్లర చాలు. మైకు సెట్టు అద్దె మిగిల్చితే కథల పుస్తకాలొస్తాయి. కమిటీ ఒప్పుకోదంటారా? తాళంచెవి నా దగ్గరే ఉంది.