వెళ్లేవారి వందనాలు, మిగిలిపోయే చెరువు

ఇశ్రాయేలీయుల ఎదుట నాయకత్వం నుండి తప్పుకుంటున్న రోజున సమూయేలు వందన సమర్పణ చేయలేదు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా బాధపెట్టానా, చెబితే తిరిగి ఇచ్చేస్తానన్నాడు (1 సమూయేలు 12). అణు వ్యర్థాల శుద్ధి గురించి రాయబోతూ మేము ఈ అధ్యాయం తెరిచాం.

అమెరికాలో అణ్వాయుధాల తయారీ మిగిల్చిన మాలిన్యాన్ని తొలగించే విభాగాన్ని అయిదేళ్లు నడిపిన విలియం వైట్ 2024లో పదవి విడిచారు. 107 చోట్లలో 92 చోట్ల పని పూర్తయిందని ఆ విభాగం లెక్క. మిగిలినవే కష్టమైనవి. హాన్‌ఫోర్డ్ ఒక్క చోటనే 177 భూగర్భ ట్యాంకుల్లో సుమారు 5.6 కోట్ల గ్యాలన్ల వ్యర్థం పోగుపడింది. వాటిలో కొన్ని కారాయి. శుద్ధి ఒప్పందం కుదిరింది 1989లో. పని ఇంకా సాగుతూనే ఉంది. అధికారులు మారుతుంటారు, ట్యాంకులు అక్కడే ఉంటాయి.

అంత దూరం ఎందుకు? మన బద్వేలు ఉన్న కడప జిల్లాలోనే, పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. 2007లో శంకుస్థాపన జరిగింది. అక్కడి వెయ్యి కిలోల రాయిలో యురేనియం అర కిలో కూడా ఉండదు. తక్కినదంతా బురదై టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొర పెడుతున్నారు. కారణం తమ చెరువు కాదని యురేనియం కార్పొరేషన్ అంటోంది. చెరువు అడుగున వేయవలసిన పొర విషయమై కాలుష్య నియంత్రణ మండలి 2018లో నోటీసు ఇచ్చింది.

గనిలో దిగి పనిచేసేవారి కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. వారికి వందనాలు చెప్పాల్సిందే. కానీ బదిలీపై వెళ్లే అధికారికి శాలువా కప్పి, దండ వేసి పంపేస్తే లెక్క ఎవరికి అప్పగించినట్టు? (మన సంఘాల్లో పాస్టరు గారి వీడ్కోలు కూడా ఇలాగే జరుగుతుంది. భోజనాలయ్యాక సంఘపు లెక్కల పుస్తకం ఎక్కడుందని అడిగేవారు ఉండరు.)

గనికైనా, జిల్లాకైనా పెద్దగా ఉండి వెళ్లేవారు గ్రామసభ ముందు నిలబడాలి. ఏ బోరు నీటిలో ఎంత యురేనియం తేలింది, ఏ రైతుకు పరిహారం బాకీ ఉంది, చెరువు అడుగు పొర ఏ స్థితిలో ఉంది, ఈ మూడూ తెలుగులో రాసి, కొత్తగా వచ్చినవారి చేత అక్కడే సంతకం చేయించాలి. ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాక శాలువా కప్పుదాం.