పెరటి అడవులు

‘పెరటి చెట్టు మందుకు పనికిరాదు’ అని సామెత. ఇంటి వెనుక ఉన్న వేపచెట్టును వదిలిపెట్టి, ఎక్కడో కొండల్లో ఉందని విన్న మూలిక కోసం బయలుదేరే వారిని చూసి పెద్దలు ఈ మాట పుట్టించి ఉంటారు. అడవులను చూడబోయే వారి విషయంలో కూడా ఈ సామెత నిజమవుతున్నది. సెలవులు రాగానే స్తోమత ఉన్న కుటుంబాలు కార్బెట్టుకో, బందీపూరుకో, తాడోబాకో ప్రయాణం కడతాయి. జీపులు వరుసగా నిలబడతాయి. అందరి చూపూ పులి కోసమే. పులి కనబడితే ప్రయాణం ఫలించినట్లు. కనబడకపోతే డబ్బు దండగ అయినట్లు. అదే కుటుంబం ఉంటున్న ఊరికి ఒకటి రెండు గంటల దూరంలో మరొక వనం ఉంటుంది. దాని పేరు ఆ ఇంట్లో ఎవరూ విని ఉండరు.

పేరుపొందిన వనాలను చూడటం తప్పని ఎవరూ అనరు. కాని చూడటం అక్కడితో మొదలై అక్కడితోనే ఆగిపోవడం మాత్రం నష్టం. ఆ నష్టం చూసేవారికే కాదు, చూడబడని వనాలకు కూడా.

మన దేశంలో మొదటి జాతీయోద్యానం 1936లో హేలీ పేరుతో హిమాలయ పాదాల వద్ద ఏర్పడింది. నేటి కార్బెట్ జాతీయోద్యానం అదే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరమే పులుల రక్షణ పథకం ఆరంభమైంది. ఈనాడు దేశంలో నూరుకు పైగా జాతీయోద్యానాలు, అయిదు వందలకు పైగా అభయారణ్యాలు ఉన్నాయి. జాతీయోద్యానంలో కట్టుబాట్లు ఎక్కువ. అందులో పశువులను మేపడానికి వీలులేదు. అభయారణ్యంలో స్థానికుల హక్కులు కొన్నింటిని అధికారులు అనుమతించవచ్చు. ఇన్ని వందల వనాలలో చదువుకున్నవారికి సైతం తెలిసినవి వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే. మిగిలినవన్నీ పటం మీద పచ్చని చుక్కలుగానే మిగిలిపోయాయి.

ఆ చుక్కలలో ఒకటి చెన్నై నగరం నడుమ ఉంది. దాని పేరు గిండీ జాతీయోద్యానం. విస్తీర్ణం మూడు చదరపు కిలోమీటర్లకు లోపే. దేశంలోని అతి చిన్న జాతీయోద్యానాలలో ఇది ఒకటి. చుట్టూ బస్సులు, మేడలు, రద్దీ. లోపల వేప, వెలగ, పరికి వంటి చెట్లూ పొదలూ, వాటి నీడన చుక్కల జింకలు, అక్కడక్కడ కృష్ణజింకలు. తూర్పు తీరంలో ఒకప్పుడు విస్తారంగా ఉండిన మెట్ట అడవికి ఇది మిగిలిన ఒక ముక్క. ఈ అడవి కూడా మొదట ఇంత చిన్నది కాదు. గవర్నరు విడిది చుట్టూ వ్యాపించి ఉండిన ఈ భూమి నుండి స్మారక మందిరాలకు కొంత, 1959లో ఏర్పడిన ఐ.ఐ.టి.కి కొంత పోయింది. ఆ సంస్థలు అవసరమైనవే. కాని అవసరం వచ్చినప్పుడల్లా అడవినే కోయడం తేలిక. అక్కడ నివసించే జింక అర్జీ పెట్టుకోలేదు. 1970 దశకంలో జాతీయోద్యానంగా ప్రకటించి ఉండకపోతే ఆ మిగిలిన ముక్క కూడా నిలిచేదని చెప్పలేము.

కర్ణాటకలో హంపీ శిథిలాలను చూడటానికి దేశదేశాల నుండి యాత్రికులు వస్తారు. అక్కడికి దగ్గరలోనే 1994లో ప్రకటించిన దరోజి ఎలుగుబంటి అభయారణ్యం ఉంది. హంపీకి వచ్చినవారిలో చాలామంది దాని సంగతి తెలియకుండానే తిరిగిపోతారు. అక్కడ రాతిగుట్టలు, ముళ్ళకంపలు తప్ప పెద్ద వృక్షాలు కనబడవు. మధ్యాహ్నం దాటాక అటవీ సిబ్బంది గుట్టరాళ్ళకు బెల్లం కలిపిన మేతను పూస్తారు. ఎండ తగ్గే వేళకు గుహల నుండి ఎలుగుబంట్లు ఒక్కొక్కటే దిగివస్తాయి; తల్లి వీపుమీద పిల్లలు కూడా ఉంటాయి. ఎదురుగా ఉన్న మంచె మీద నుండి యాత్రికులు చూడవచ్చు. ఎలుగుబంటి ముఖ్యాహారం చెదలు, చీమలు, తేనె, పండ్లు. పై దవడలో నడిమి పళ్ళు రెండు లేకపోవడం వల్ల ఆ సందులోనుండి చెదలను పీల్చుకోగలుగుతుంది. ఒకప్పుడు ముక్కుకు తాడు కట్టి వీధులలో ఆడించిన జంతువును దాని సొంత చోట, దాని సొంత నడకతో చూడటం ఒక పాఠం. మేత పూసి రప్పించడం సరైనదా అన్న ప్రశ్న కూడా అక్కడే పుట్టాలి. మంచి వనం చూసేవారికి ఆనందంతో పాటు ప్రశ్నలను కూడా ఇస్తుంది.

గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న యానాంకు పొరుగున కోరింగ అభయారణ్యం ఉంది. 1978లో ఏర్పడిన ఈ వనం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించింది. ఇది మడ అడవి. ఉప్పునీటిలో, బురదలో పెరిగే తెల్లమడ, నల్లమడ, తిల్ల మొదలైన చెట్లు ఇక్కడివి. మడచెట్ల వేళ్ళు బురదలోనుండి పైకి పొడుచుకువచ్చి గాలి పీల్చుకుంటాయి. నీటికుక్కలు, చేపల్ని వేటాడే అడవిపిల్లి ఈ కాలువల వెంట తిరుగుతాయి. చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఈ వేళ్ళ సందులలోనే పెరిగి సముద్రానికి చేరుతాయి. అంటే బెస్తవారి వల నిండటం, మడ అడవి బ్రతకడం ఒకదానితో ఒకటి ముడిపడిన సంగతులు. 1839లో వచ్చిన ఉప్పెన కోరింగ రేవును ధ్వంసం చేసింది. అలల ఉద్ధృతిని కొంత విరగగొట్టగల మడ అడవి విలువ ఆ తీరంలో నివసించేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

“ఈ చిన్న వనాలలో చూడటానికి ఏముంది? పులి లేదు, ఏనుగు లేదు” అని కొందరంటారు. ఈ మాట వినడానికి చిన్నదే. కాని దీనివల్ల జరిగే నష్టం ఎంతటిదో షోలాపూర్ చరిత్ర చెబుతుంది.

తరతరాలుగా తెలుగు నేతపనివారు స్థిరపడిన షోలాపూర్ నగరానికి సమీపాన నన్నజ్ అనే చోట ఒక గడ్డినేల ఉంది. అది బట్టమేక పిట్ట నివాసం. మీటరు ఎత్తు, మగదైతే 15 కిలోల దాకా బరువు ఉండే ఈ పక్షి ఎగరగల పక్షులలో అతి బరువైన వాటిలో ఒకటి. ఇది చెట్టు మీద గూడు కట్టదు. బోడినేల మీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. కనుక దీనికి కావలసింది దట్టమైన అడవి కాదు, విశాలమైన గడ్డి మైదానం. కాని గడ్డి మైదానాన్ని బంజరు అనడం మనుషులకు అలవాటు. బంజరు కనబడితే దున్నాలని, లేదా చెట్లు నాటాలని తోస్తుంది. చెట్లు నాటడం కూడా ఒక్కొక్కచోట హాని చేస్తుందని బట్టమేక పిట్ట నేర్పిన పాఠం.

1979లో ఈ పక్షి కోసం షోలాపూర్, అహ్మద్‌నగర్ జిల్లాలలో సుమారు 8,500 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అందులో ఊళ్ళూ, పొలాలూ కలిసిపోయాయి. సొంత భూమి మీద తమకు హక్కు లేకుండా పోయిందని రైతులు కలవరపడ్డారు. పక్షి మీద ఉండవలసిన అభిమానం అయిష్టంగా మారింది. తరువాత ఆ విస్తీర్ణాన్ని సుమారు 1,200 చదరపు కిలోమీటర్లకు తగ్గించవలసి వచ్చింది. ఈలోగా పిట్టలు ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. కర్నూలు ప్రాంతంలో ఇదే పక్షి కోసం 1988లో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడింది. అక్కడ కూడా రక్షణ వల్ల కృష్ణజింకలు పెరిగాయి, అవి పంటలు మేశాయి, రైతులు విసిగిపోయారు. బట్టమేకలు మాత్రం తగ్గిపోయాయి. ఈనాడు దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే బట్టమేక పిట్టలు 150 కూడా లేవని నిపుణుల అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారి ప్రాంతంలోనే ఉన్నాయి.

ఇది జరుగుతున్న రోజులలో షోలాపూరులోనూ, కర్నూలులోనూ పాఠశాలలు నడుస్తూనే ఉన్నాయి. పిల్లలు పాఠాలలో పులిని గురించి, సింహాన్ని గురించి చదువుతూనే ఉన్నారు. తమ పొలం గట్టున నడిచే పక్షి లోకంలో అతి అరుదైన సంపద అని వారిలో ఎందరికి తెలిసి ఉంటుంది? తెలియని దానిని పోగొట్టుకున్నప్పుడు పోయిందని కూడా తెలియదు. చిన్న వనాలను చూడాలనడానికి అన్నింటికంటె బలమైన కారణం ఇదే.

మరొక ఆక్షేపణ ఉంది. “జనం వెళ్ళడం మొదలుపెడితే ఈ వనాలు కూడా పాడవుతాయి. ఎవరికీ తెలియకుండా ఉండటమే వాటికి రక్ష” అని కొందరి వాదం. ఇందులో సత్యం లేకపోలేదు. పేరుపొందిన వనాల చుట్టూ వెలిసిన హోటళ్ళు, వాహనాల రొద, పారవేసిన ప్లాస్టిక్ సంచులు చూసినవారు ఈ మాటను కొట్టివేయలేరు. ఐతే ఎవరికీ తెలియకపోవడం రక్ష అయితే నన్నజ్ గడ్డినేల ఈ స్థితికి వచ్చేది కాదు. దూరం నుండి ఒక్కసారి వచ్చి పోయే జనసమూహం వేరు. దగ్గరలో ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు నిశ్శబ్దంగా వచ్చి చూసే ఊరివారు వేరు. మొదటివారు వనాన్ని వాడుకుంటారు. రెండవవారు దానిని కనిపెట్టి ఉంటారు. ఒక చెట్టు కొట్టివేస్తే, ఒక చెరువు ఎండిపోతే మొదట గుర్తించేది వారే.

ఒరిస్సాలో (నేటి ఒడిశాలో) గంజాం జిల్లా ఇందుకు మంచి ఉదాహరణ. అస్కా సమీపాన భేట్నోయి, బాలిపదర్ గ్రామాల చుట్టూ కృష్ణజింకలు వరిచేలలోనే తిరుగుతాయి. కంచె లేదు, టిక్కెట్టు లేదు. కరువు కాలంలో ఈ జింకలు కనబడిన తరువాత వానలు పడ్డాయని అక్కడివారి నమ్మకం. పంట కొంత మేసినా గ్రామస్థులు వాటిని కొట్టరు, వేటగాళ్ళను రానివ్వరు. ఆ ప్రాంతంలో జింకల సంఖ్య తగ్గకపోగా వేలకు పెరిగింది. నన్నజ్‌లో చట్టం ఉంది గాని ప్రజల మనసు దూరమైంది. భేట్నోయిలో ప్రజల మనసే చట్టం పని చేసింది. ఈ రెండూ కలిసిన చోటే వన్యప్రాణికి నిజమైన భద్రత. రైతు నష్టపోయిన పంటకు సకాలంలో పరిహారం ఇవ్వడం కూడా అందులో భాగమే. పేదవాని చేను మేసి జింక బ్రతకాలని కోరడం న్యాయం కాదు.

కృష్ణజింక మన భాషల ఎల్లలను దాటి తిరిగే జంతువు. తెలుగువాడు దీనిని కృష్ణజింక అంటాడు. మరాఠీలో ఇది కాళవీట్, కన్నడంలో కృష్ణమృగ, ఒరియాలో కృష్ణసార. ఆంధ్రప్రదేశ్‌కు ఇది రాష్ట్ర జంతువు. గిండీలోనూ, నన్నజ్‌లోనూ, రోళ్ళపాడులోనూ, గంజాంలోనూ దీనిని చూడవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడే పిల్లలకు ఇది ఒక అవకాశం. ఒకే చెట్టుకు, ఒకే పిట్టకు అవ్వ చెప్పిన పేరు, పొరుగింటివారు చెప్పిన పేరు పక్కపక్కనే రాసుకోవచ్చు. అడవి పోతే చెట్టుతో పాటు ఈ పేర్లు కూడా పోతాయి. చూడని పిట్టకు పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

కాబట్టి పాఠశాలలు ఏటా చేసే విహారయాత్రలలో ఒకటైనా ఇటువంటి సమీప వనానికి కేటాయించడం మంచిది. ఖర్చు తక్కువ, అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకుంటే చాలు. వెళ్ళేవారు కొన్ని నియమాలు పాటించాలి. గట్టిగా మాట్లాడకూడదు. జంతువులకు తినుబండారాలు వేయకూడదు. తీసుకువెళ్ళిన కాగితం, సంచి తిరిగి తీసుకురావాలి. పులి కనబడలేదని నిరాశపడకుండా, కనబడినదానిని శ్రద్ధగా చూసి, తేదీతో సహా పుస్తకంలో రాసుకోవాలి. పది సంవత్సరాలు వరుసగా ఒక పాఠశాల అలా రాసిపెట్టిన పుస్తకం ఆ వనానికి చరిత్ర అవుతుంది. నన్నజ్ చుట్టూ ఉన్న పాఠశాలల్లో అటువంటి పుస్తకాలు ఉండి ఉంటే, బట్టమేక తగ్గిపోతున్న సంగతి ఊరు ఊరంతా ముందే తెలుసుకునేది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నది చెట్టు లోపం కాదు, దాని గుణం తెలుసుకోనివారి లోపం. పెద్ద పేరున్న వనాలను కాపాడటానికి దేశమంతా ఉంది. పెరటి అడవికి పొరుగున ఉన్నవారే దిక్కు.